పేరులో ఒక అక్షరం, ఫైలులో ఒక ఏడాది

గత నెల ఒక తండ్రి తన కుమార్తె సర్టిఫికెట్ల సంచీతో మా వద్దకు వచ్చారు. ఆమె పదో తరగతి మెమోలో ఇంటిపేరు ‘షేక్’ అని పూర్తిగా ఉంది. విశ్వవిద్యాలయం ఇచ్చిన డిగ్రీ పట్టాలో ‘ఎస్.కె.’ అని రెండక్షరాలే ఉన్నాయి. దిద్దుబాటుకు అర్జీ పెట్టి ఏడు నెలలైంది. పరీక్షల విభాగం కళాశాలకు పంపింది, కళాశాల తిరిగి పరీక్షల విభాగానికే పంపింది. ఈలోగా బి.ఎడ్. కౌన్సెలింగ్ గడువు ముగిసింది. ఆ అమ్మాయికి ఒక విద్యాసంవత్సరం పోయింది. అర్జీకి రసీదు అడగాలని కూడా ఆ తండ్రికి ఎవరూ చెప్పలేదు.

ఇందులో ఎవరూ లంచం అడగలేదు. ఎవరూ దురుసుగా మాట్లాడలేదు. మమ్మల్ని ఎక్కువగా కలవరపరచినది అదే.

ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఏళ్ల తరబడి ఫైళ్లు నడిపినవారం కనుక లోపలి సంగతి దాచము. ‘చర్చించవలెను’ అని ఒక్క మాట రాసి పంపితే ఫైలు మన బల్ల దాటుతుంది; పని మాత్రం అక్కడే ఉంటుంది. సంతకం చేసి పొరపాటు జరిగితే సంజాయిషీ తప్పదు. ఆలస్యానికి సంజాయిషీ అడిగేవారు అరుదు. ఖాళీలు నిండక ఇద్దరి పని ఒకరు చేస్తున్న మాటా నిజమే. కానీ ఆలస్యమే క్షేమమని నేర్పే కార్యాలయంలో మంచి ఉద్యోగి కూడా అదే నేర్చుకుంటాడు.

ఈ భారం అందరి మీదా సమానంగా పడదు. లోపల తెలిసినవారున్న ఇంటికి ఒక ఫోను చాలు. 20 ఏళ్లు పైబడినవారిలో పట్టభద్రులు, డిప్లొమాదారులు దేశంలో సుమారు 7 శాతం ఉండగా, ముస్లింలలో 4 శాతం లోపేనని 2006లో సచార్ కమిటీ చెప్పింది. ఇంట్లో తొలిసారి డిగ్రీ చదివిన బిడ్డకు దారి చూపేదెవరు? పైగా షేక్, ఎస్.కె., మహమ్మద్, ఎండీ అంటూ మన పేర్లను కుదించినవారు ఒకరు, దాని ఫలితం అనుభవించేవారు మరొకరు.

విశ్వవిద్యాలయాలను మేము కోరేది కొద్దే. పేరు దిద్దుబాటుకు పదో తరగతి మెమోను ఆధారంగా తీసుకొని, గడువు ప్రకటించి, ఒకే చోట పని ముగించాలి. గడువు దాటితే కారణం రాతపూర్వకంగా తెలపాలి.

మన వంతు పనీ ఉంది. నోటిమాట ఫైలులోకి ఎక్కదు. అర్జీని తపాలు విభాగంలో ఇచ్చి ఇన్‌వర్డ్ నంబరు తీసుకోవాలి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఫైలు ఎవరి వద్ద, ఎన్నాళ్లుగా ఉందో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. ఆపైన అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అన్నిటికీ ముందు, బిడ్డను బడిలో చేర్చిన రోజే పేరు పూర్తిగా, ఒకే తీరుగా రాయించాలి.

ప్రతి ఊళ్లోనూ మావంటి విశ్రాంత ఉద్యోగులున్నారు. జుమా నమాజు తర్వాత ఒక గంట మసీదు ఆవరణలో కూర్చుని అర్జీలు రాసిపెట్టడం మనకు భారం కాదు. ఆ తండ్రి అర్జీకి ఇప్పుడు ఇన్‌వర్డ్ నంబరు ఉంది. సరిదిద్దిన పట్టా చేతికి వచ్చేదాకా ఆయన వెంట నడుస్తాము. మీ ఊరి బిడ్డల వెంట మీరు నడవండి.