తిరగని ఫ్యాను

ఇంట్లో పాత కారున్నవాడికి ఊరివాళ్ళ సలహాలకు లోటుండదు. "అమ్మిపారెయ్యండి మాస్టారూ" అనేవారు కొందరు. "అమ్మకండి, ఇలాటి బండి మళ్ళీ రాదు" అనేవారు కొందరు. బండికి వచ్చిన రోగం ఏమిటో చెప్పేవాడు మాత్రం ఒక్కడూ కనిపించడు. ఈ వారం నా గోడు కాస్త వినండి. కారు లేనివారికి కూడా ఇందులో పనికివచ్చే సంగతి ఒకటి ఉన్నదని నా నమ్మకం.

మాది మారుతి 800. ఆ రకం బండి 1983 డిసెంబరులో మన దేశంలో రోడ్డెక్కింది. 2014లో తయారీ ఆపేశారు. మా నాన్నగారు 1997లో కొన్నారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆయన కళ్ళజోడూ, ఈ కారూ నా వంతుకు వచ్చాయి. నా కాపురం వికారాబాదులో, ఉద్యోగం తాండూరులో. కాలేజీకి రోజూ రైల్లోనే పోయి వస్తాను. కారు ఆదివారాలకూ, పెళ్ళిళ్ళకూ.

మొన్న మాఘమాసంలో మొదలయింది జబ్బు. ఊరు దాటి హాయిగా పోతున్నంత సేపూ వేడి చూపే ముల్లు మధ్యలోనే ఉంటుంది. సంతవీధిలో నాలుగు నిమిషాలు ఆగామా, ఎర్రగీతకేసి పాకుతుంది. మళ్ళీ బండి పరుగందుకుంటే దిగివస్తుంది. ఆ ముల్లు పాపం ఉన్న సంగతి ఉన్నట్టు చెప్తూనే ఉన్నది. వినవలసినవాణ్ణి నేను వినలేదు, అంతే.

సంగతేమిటంటే, ఇంజను చుట్టూ నీళ్ళు తిరుగుతూ వేడిని మోసుకొచ్చి ముందున్న రేడియేటరులో పోస్తాయి. బండి పోతున్నప్పుడు ఎదురుగాలే ఆ వేడిని ఊడ్చుకుపోతుంది. ఆగినప్పుడు గాలి ఉండదు గనుక ఫ్యాను కావాలి. వెనుకటి అంబాసిడరు, ఫియట్ బళ్ళలో ఆ ఫ్యానును ఇంజనే బెల్టుతో తిప్పేది. ఇంజను తిరిగితే ఫ్యానూ తిరగవలసిందే. మారుతిలో ఇంజను అడ్డంగా కూర్చున్నది. దాని ఇరుసు కొస రేడియేటరు వైపు ఉండదు. అంచేత ఫ్యానుకు వేరే కరెంటు మోటారు పెట్టారు. నీళ్ళు ఒక హద్దు దాటి వేడెక్కితే ఒక స్విచ్చి కలుసుకుంటుంది, ఫ్యాను తిరుగుతుంది. చల్లబడితే విడిపోతుంది, ఆగుతుంది. మా బండిలో ఈ రెంటికీ నడుమ రిలే అనే చిన్న డబ్బా ఒకటి నాన్నగారే పెట్టించారు.

ఆగితే వేడెక్కి, నడిస్తే చల్లబడుతున్నదంటే ఫ్యాను తిరగడంలేదని చిన్న పిల్లవాడైనా చెప్పవచ్చు. మా ఊళ్ళో ఒక మెకానిక్కు ఆ మాటే చెప్పాడు. ఫ్యాను తీగలకు టెస్టు ల్యాంపు తగిలించాడు. బల్బు వెలిగింది. "కరెంటు వస్తున్నది సార్, మోటారే పోయింది" అని మోటారు మార్చాడు. ఫ్యాను బ్రహ్మాండంగా తిరిగింది. ఇరవై రోజుల తరువాత మళ్ళీ మామూలే. ఈసారి "స్విచ్చి పోయింది" అన్నాడు. అదీ మార్చాడు. మళ్ళీ తిరిగింది, మళ్ళీ మూడు వారాలకు ఆగింది. నాలుగు వేల పైచిలుకు వదిలింది. మా ఆవిడ లెక్క రాసిపెట్టింది గాని పైకి ఏమీ అనలేదు. అది మరీ భయంకరం.

అప్పుడైనా నేను ఆగి ఆలోచించవలసింది. ఎండాకాలం సెలవుల్లో తీరిగ్గా చూపిద్దాంలే అనుకున్నాను.

మే నెలలో ఒకనాటి ఉదయం తాండూరునుంచి ఫోను వచ్చింది. మా పెద్దమ్మ స్నానాలగదిలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. మధ్యాహ్నం రెండు గంటలకు హైదరాబాదు తీసుకుపోతారట. ఆమెకు డెబ్బయ్యెనిమిదేళ్ళు. మా అమ్మకు తల్లి తరువాత తల్లి ఆమే.

అమ్మ అప్పటికే చీర మార్చుకుని గుమ్మంలో నిలుచున్నది. "రైలుకు పోదాంరా. గంటల దిగుతం" అన్నది. 1874 నుంచీ ఆ దారిన రైళ్ళు నడుస్తున్నాయి. నేనూ రోజూ పోయేది దానిలోనే. కాని ఆనాడు నాకు కొడుకుతనం పుట్టుకొచ్చింది. "ఈ ఎండలో నిన్ను రైలెక్కిస్తానా? ఇంట్లో కారు పెట్టుకుని!" అన్నాను. అమ్మ ఇంకేమీ అనలేదు.

వికారాబాదునుంచి తాండూరు పోవాలంటే అనంతగిరి గుట్ట ఎక్కి దిగాలి. మూసీనది పుట్టిన గుట్ట అది. రెండో గేరులో మెల్లగా ఎక్కుతున్నాం. ఎదురుగాలి లేదు. ఫ్యాను లేదు. పైన ఎండ. ముల్లు ఎర్రగీత మీద వాలింది. గుట్ట దిగి కొంతదూరం పోయేసరికి ముందు రేకు కిందినుంచి ఆవిరి చిమ్మింది. బండిని వేపచెట్టు పక్కకు లాగి ఆపాను.

ఒక చేత్తో నీళ్ళసీసా, ఒక చేత్తో గుడ్డ పట్టుకుని రేడియేటరు మూత మీద చెయ్యి వేశాను. "ఓ సార్! చెయ్యి తియ్యి!" అని ఒక కేక. తాండూరునుంచి నాపరాళ్ళ లోడుతో వస్తున్న లారీ డ్రైవరు. బండి ఆపి పరుగెత్తుకొచ్చాడు. "కుక్కరు మూత ఈల వెయ్యంగ తీస్తవా సార్ ఇంట్ల?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. అతను చెప్పింది అక్షరాలా నిజం. రేడియేటరు మూత గట్టిగా బిగించి ఉండబట్టే లోపల ఒత్తిడి పెరిగి, నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత వదులయ్యీ కాగానే ఆ ఒత్తిడి పోతుంది. నీళ్ళన్నీ ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. ఇంటి ఇల్లాళ్ళందరికీ తెలిసిన ఈ శాస్త్రం ఎం.ఏ. చదివిన నాకు ఆ క్షణాన తోచలేదు.

"ముప్పావు గంట ముట్టకు. చల్లగైనంక నీళ్ళు జరజర పొయ్యి. ఒక్కపారి పొయ్యకు, ఇంజను పగుల్తది" అని చెప్పి అతను వెళ్ళిపోయాడు. ఆయన పేరైనా అడగలేదు నేను.

ముప్పావు గంట! గడియారం పన్నెండున్నర దాటింది. ఇంతలో తాండూరు బస్సు వచ్చింది. మా ఆవిడ చెయ్యి అడ్డంపెట్టి ఆపింది. అమ్మను ఎక్కించి తానూ ఎక్కింది. అమ్మ కిటికీలోనుంచి నావైపు చూసి, "నీళ్ళు తాగు బిడ్డా, ఎండల నిలబడకు" అన్నది. అంతే అన్నది. ఒక్క మాట దెప్పినా నాకు కొంత తేలికపడేది.

నేను తాండూరు చేరేసరికి రెండున్నర అయింది. పెద్దమ్మ ఇంటిముందు అరుగుమీద అమ్మ ఒక్కతే కూర్చుని ఉన్నది. బస్సు వేళకే చేర్చిందట. అక్కచెల్లెళ్ళు అరగంట చేతులు పట్టుకుని కూర్చున్నారట. "నిన్ను అడిగింది. తొవ్వల ఉన్నడని చెప్పిన" అన్నది అమ్మ.

ఆ సాయంత్రం మా కాలేజీ బంట్రోతు నన్ను ఒక ముసలి ఉస్తాదు దగ్గరికి తీసుకుపోయాడు. అతను రేకు ఎత్తకముందే అడిగాడు: "నడుస్తుంటె గరమైతదా, నిలబడితెనా?" చెప్పాను. "ఏమేం మార్చిండ్రు? మార్చినంక ఎన్ని దినాలు నడిచింది?" అదీ చెప్పాను. తల ఊపాడు. అంతవరకు నన్ను ఆ ప్రశ్నలు అడిగినవాడు లేడు.

మొదట ఫ్యూజు చూశాడు. బాగున్నది. బ్యాటరీనుంచి రెండు తీగలు తెచ్చి నేరుగా మోటారుకు పెట్టాడు. గిర్రున తిరిగింది. అంటే మోటారు మంచిదే. తరువాత ప్లస్సు తీగ ఒక్కటే బ్యాటరీనుంచి ఇచ్చి, రెండవ వైపు బండి తీగనే ఉంచాడు. తిరగలేదు. ఆ రెండవ వైపు కూడా బ్యాటరీ మైనసుకు కలిపాడు. తిరిగింది. "ఎర్తు లేదు సార్" అన్నాడు.

ఫ్యాను తీగ ఒకటి రేడియేటరు పక్కన బండి రేకుకు ఒక బోల్టుతో బిగించి ఉన్నది. మోటారులోకి వచ్చిన కరెంటు ఆ బోల్టు మీదుగానే బ్యాటరీకి తిరిగి పోవాలి. విప్పి చూపించాడు. కింద అంతా తుప్పు.

"మరి ఆయన పెడితే బల్బు వెలిగింది గదా?" అన్నాను.

"బల్బుకు ఎంత కావాలె సార్? చారెడు. తుప్పులకెల్లి చారెడు పోతది. మోటారుకు బిందెడు కావాలె."

నా సందేహాలన్నీ ఆ ఒక్క మాటతో తీరిపోయాయి. మోటారు మార్చినప్పుడూ, స్విచ్చి మార్చినప్పుడూ ఆ తీగ కదిలింది. తుప్పు కాస్త రాలి కొత్త చోట ఆనుకున్నది. అంచేత కొన్నాళ్ళు నడిచింది. మార్చిన సామానుకు పేరు వచ్చింది, రోగం మాత్రం బోల్టు కిందనే కాపురమున్నది. సంధి విడదీయకుండా అర్థం రాసే విద్యార్థికి నేను సున్నా వేస్తాను. నా బండి విషయంలో రెండుసార్లు నూటికి నూరు వేసి, డబ్బు కూడా ఇచ్చాను.

ఉస్తాదు గరుకు కాగితంతో రేకు మెరిసేదాకా రుద్దాడు. బోల్టు బిగించి, పైన గ్రీజు రాశాడు. ఇంజను ఆడించి, ఫ్యాను దానంతట అది తిరిగి, ముల్లు దిగి, ఫ్యాను ఆగిందాకా కదలనివ్వలేదు. ఒకసారి కాదు, మూడుసార్లు. వంద రూపాయలు తీసుకున్నాడు. "ఫ్యాను నడుమల చెయ్యి పెట్టకు సార్. కొన్ని బళ్ళల్ల ఇంజను బంద్ చేసినంక గూడ తిరుగుతది" అని హెచ్చరించి పంపాడు.

పెద్దమ్మకు ఆపరేషను అయింది. ఇప్పుడు కర్ర పట్టుకుని తాండూరు ఇంట్లో నాపరాళ్ళ మీద టకటకమని నడుస్తున్నది. మొన్న ఆదివారం చూడబోయాం. "ఏం వస్తివిరా?" అని నవ్వుతూ అడిగింది.

"రైలుకు వచ్చినం అక్కా" అన్నది అమ్మ, నేను నోరు తెరిచేలోగా.

కారు మంచిగానే ఉన్నది. ఆనాడు తాళంచెవి కూడా నా జేబులోనే ఉన్నది. అయినా అమ్మ రైలుకు పోదామంటే ఈసారి నేను మారు చెప్పలేదు.