కొత్త సీసాలో పాత సారా పోస్తే తప్పేంటట?

మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఒక జబ్బుంది. ఎవరైనా పాపం "కొత్త కంప్యూటర్ కొన్నానండీ, అందులో విండోస్ 7 వేసుకోవాలి, ఎలా?" అని అడిగితే చాలు, ఎలాగో చెప్పరు. ఎందుకు వేసుకోకూడదో అరగంట క్లాసు పీకుతారు. "ఇంకా ఆ రాతియుగంలోనే ఉన్నారా" అని ఒక నవ్వు, "సెక్యూరిటీ అండీ సెక్యూరిటీ" అని ఒక ఉపన్యాసం. అసలు నీకు దాంతో పనేంటయ్యా అని మాత్రం ఒక్కడూ అడగడు. ఈ టపా ఆ నవ్వేవాళ్ల కోసం.

మా పెదనాన్నగారి అబ్బాయికి రంపచోడవరంలో చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసరుగారికి ఇచ్చుకునే అర్జీలు... ఇదే వ్యాపారం. మారేడుమిల్లి వైపు నుంచీ, అడ్డతీగల వైపు నుంచీ జనం బస్సు దిగి వచ్చి రాయించుకుంటారు. 2006 అటవీ హక్కుల చట్టం 2007 చివర్లో అమల్లోకి వచ్చినప్పటి నుంచీ టైపు చేసిన పోడు భూముల దరఖాస్తులు, గ్రామసభ తీర్మానాలు అన్నీ ఆయన హార్డ్ డిస్కులోనే ఉన్నాయి. "అప్పట్లో నీ దగ్గరే రాయించాను బాబూ, కాయితం చెదలు తినేసింది, ఇంకో కాపీ తీసివ్వు" అంటూ ఇప్పటికీ వస్తుంటారు. ఊరికే వస్తున్నారనుకునేరు. ఆ కాయితం మీద భూమి ఆధారపడి ఉంటుంది.

ఆయన పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోయింది. డిస్కు బాగానే ఉంది. రాజమండ్రి వెళ్లి కొత్తది కొన్నాడు. "పాత విండోస్ ఇందులో పడదండీ, అయినా ఈ రోజుల్లో అదెవరు వాడుతున్నారు" అని పంపేశారు. వెళ్లిరావడానికి వంద కిలోమీటర్ల పైమాటే. నాకు ఫోన్ చేసి అన్న మాట ఇది: "ఏరా, కొత్తది కొంటే పాతదాని కంటే ఎక్కువ పని చెయ్యాలి గానీ, తక్కువ చేస్తుందేంట్రా?"

నాకు తెలిసిన ఆర్కిటెక్టులెవరూ ఇంత మంచి ప్రశ్న వెయ్యలేదు!

అసలు ఆయనకి పాత విండోస్ ఎందుకు కావాలి? తెలుగు కోసం. నిజంగానే తెలుగు కోసం.

యూనికోడ్‌లో పెరిగిన కుర్రాళ్ల కోసం కాస్త వివరంగా చెప్తాను. యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లోనే వచ్చింది, అందులో తెలుగు ఉంది కూడా. కానీ మన డీటీపీ ప్రపంచం అటు వెళ్లలేదు. అను, శ్రీలిపి లాంటి ప్యాకేజీలు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టాయి. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, ఒత్తు ఇంకో గదిలో. ఫైల్లో ఉండేది తెలుగు కాదు, ఆ ఫాంటు వేసుకుంటే తెలుగులా కనిపించే ఒక వేషం. ఫాంటు తీసేస్తే పిచ్చి గీతలు. దాని మీద పేజ్‌మేకర్ 7, అది 2001 నాటిది, అదే ఆఖరి వెర్షన్. దాంట్లో యూనికోడ్ తెలుగు నడవదు. దానికి తోడు యాపిల్, మాడ్యులర్ అంటూ కీబోర్డు లేఅవుట్లు. ఇరవై ఏళ్లుగా వేళ్లకి అలవాటైపోయినవి. ఈ మొత్తం కాపురం ఎక్స్‌పీ మీదా, విండోస్ 7 మీదా హాయిగా సాగింది. అప్పట్లో అదేమీ తెలివితక్కువ పని కాదు. అచ్చు అందంగా రావాలంటే ఉన్న దారి అదే.

సరే, మరి కొత్త మెషిన్లో పాతది ఎందుకు పడదు? ఇందులో కొంత సాంకేతికం, కొంత రాజకీయం. రెంటినీ కలిపేసి "టెక్నాలజీ మారిందండీ" అనేస్తారు మనవాళ్లు.

ముందు సాంకేతికం. ఎక్స్‌పీ సీడీ పెడితే సాటా డిస్కు కనపడక నీలి తెర వచ్చేది. బయోస్‌లో ఐడీఈ మోడ్‌కి మార్చేవాళ్లం, లేకపోతే ఫ్లాపీలో డ్రైవరు పెట్టి ఎఫ్6 నొక్కేవాళ్లం. గుర్తుందా? విండోస్ 7 దగ్గరికి వచ్చేసరికి కథ ఇంకాస్త ముదిరింది. దాని డీవీడీలో యూఎస్‌బీ 3.0 డ్రైవరు లేదు. ఇంటెల్ 6వ తరం చిప్‌సెట్ల నుంచి పాత యూఎస్‌బీ కంట్రోలర్ తీసేశారు. ఫలితం... ఇన్‌స్టాల్ తెర వస్తుంది, కీబోర్డు పనిచెయ్యదు, మౌసూ కదలదు. ఎన్‌వీఎంఈ డిస్కు కనపడాలంటే విడిగా ప్యాచ్ కలపాలి. పాత బయోస్ తరహా మద్దతుని 2020 కల్లా తీసేస్తామని ఇంటెల్ 2017లోనే చెప్పింది. ఇవన్నీ దాటినా కొత్త గ్రాఫిక్స్‌కి డ్రైవర్లుండవు.

ఇప్పుడు రాజకీయం. 2016 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఒక ప్రకటన చేసింది, ఇక మీద కొత్త ప్రాసెసర్లకి కొత్త విండోసే అని. అప్పటికి విండోస్ 7 గడువు ఇంకా నాలుగేళ్లుంది, 2020 జనవరి 14 దాకా. అయినా 2017లో కొత్త ప్రాసెసర్ల మీద నడుస్తున్న విండోస్ 7కి అప్‌డేట్లు ఆపేశారు. నడవక కాదు. నడుస్తోంది కాబట్టే ఆపాల్సి వచ్చింది! విండోస్ 11 ఇదే ఆటని తిరగేసి ఆడింది. టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం దాటి ఉండాలి అంటూ నిక్షేపంలాంటి మెషిన్లని బయట నిలబెట్టింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10 సాధారణ మద్దతు కూడా ఆగిపోయింది. అంటే కొత్త మెషిన్లో పాతది పడదు, పాత మెషిన్లో కొత్తది పడదు. పైగా విండోస్ 11 హోం ఎడిషన్ మొదటిసారి పెట్టుకోడానికి ఇంటర్నెట్టూ, మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. కొండ మీద సిగ్నల్ కోసం చెట్టెక్కే ఊళ్లు ఇంకా ఉన్నాయి సార్. అక్కడ ఎవడు పెట్టుకోవాలి ఇది?

"కాలంతో పాటు మారాలి కదా" అంటారు. ఆ మాట అనే అర్హత మనకుందా? మనలో ఎంతమంది జీతాలు పాత కోబాల్ ప్రోగ్రాముల మీద నడవట్లేదు? ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో తప్ప తెరుచుకోని పేజీల్ని ఎన్నేళ్లు మెయింటెనెన్స్ చెయ్యలేదు? 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీ మద్దతు ఆగినప్పుడు బ్రిటన్ ప్రభుత్వం ఇంకో ఏడాది కోసం 55 లక్షల పౌండ్లు కట్టింది. 2015లో అమెరికా నౌకాదళం 91 లక్షల డాలర్లతో అలాంటి ఒప్పందమే చేసుకుంది. వాళ్లు చేస్తే అది "లెగసీ సపోర్ట్ స్ట్రాటజీ". రంపచోడవరంలో మా అన్నయ్య చేస్తే రాతియుగం. డబ్బున్నవాడి పాతకి గౌరవం, లేనివాడి పాతకి ఎగతాళి. ఇంతే కదా తేడా?

సెక్యూరిటీ మాటకొస్తే, అది నేను కాదనను. 2017 మే నెలలో వన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. కానీ ఆ వైరస్‌కి ప్రపంచమంతా దొరికిపోయిన వాటిలో ఎక్కువ శాతం ఎక్స్‌పీ కాదు, ప్యాచ్ వేసుకోని విండోస్ 7. అప్పటికి దానికి మద్దతూ ఉంది, ప్యాచూ ఉంది, వేసినవాడు లేడు. అందుకని పాతదాన్ని నెట్‌కి తగిలించి ఆన్‌లైన్ దరఖాస్తులూ, బ్యాంకు పనులూ చెయ్యమని నేను చెప్పట్లేదు. అది శుద్ధ తప్పు, అలా చేసేవాళ్లని నేనూ తిడతాను. కానీ నెట్ తగిలించకుండా కూడా వాడొచ్చు కదా!

దారి ఉంది. కొత్త మెషిన్లో కొత్త ఓఎస్సే ఉంచండి. దాని లోపల వర్చువల్‌బాక్స్ పెట్టి, మీ దగ్గర లైసెన్సున్న పాత విండోస్‌ని అందులో వెయ్యండి. నెట్‌వర్క్ కార్డు తీసెయ్యండి. ఒక షేర్డ్ ఫోల్డర్ చాలు. లోపల టైపు, బయటికి పీడీఎఫ్, అక్కడి నుంచి ప్రింటర్. ఇది నేను కనిపెట్టిందేం కాదు. 2009లో విండోస్ 7 ప్రొఫెషనల్‌తో మైక్రోసాఫ్ట్ వాళ్లే "ఎక్స్‌పీ మోడ్" అని ఉచితంగా ఇచ్చిన ఏర్పాటే ఇది. అంటే పాతది అవసరమని వాళ్లకీ తెలుసు. విండోస్ 8 నుంచి ఎత్తేశారు, అంతే. అన్నయ్యకి ఒక ఆదివారం ఫోన్లోనే ఇది పెట్టించాను. ఇప్పుడు షాపు నడుస్తోంది.

అయితే ఇది ఊపిరి నిలబెట్టే మందే గానీ, వైద్యం కాదు. అసలు వైద్యం ఆ ఫైళ్లని యూనికోడ్‌లోకి తెచ్చుకోవడం. మార్చే కన్వర్టర్లున్నాయి, అక్కడక్కడా ఒత్తులు తప్పుతాయి, మనిషి కూర్చుని దిద్దాలి. మండలి, గురజాడ, గిడుగు, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. స్క్రైబస్ ఇప్పుడు తెలుగుని సరిగ్గానే కూరుస్తుంది. లేనిదల్లా వేళ్లకి అలవాటైన కీబోర్డూ, పక్కన కూర్చుని నేర్పే మనిషీ. ఆ రెండూ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. ఇవ్వాల్సింది మనం. వీకెండు హ్యాకథాన్లలో వెయ్యిన్నొకటో టు-డూ యాప్ రాసే బదులు, సొంతూరి డీటీపీ షాపుకి వెళ్లి ఒక్క ఫోల్డరు మార్చి పెట్టినా పుణ్యం.

ఈసారి ఎవరైనా "కొత్త కంప్యూటర్లో పాత విండోస్ ఎలా?" అని అడిగితే నవ్వకండి. ముందు "అందులో మీవి ఏమున్నాయి?" అని అడగండి. చాలాసార్లు వాళ్లు కాపాడుకోవాలనుకుంటున్నది విండోస్‌ని కాదు. ఎవరిదో రెండెకరాల పోడు భూమి కాయితాన్ని.