కోడ్ ఏఐ రాస్తుంది.. తేదీ తప్పితే జవాబు మీరే చెప్పాలి!

*పైథాన్ నేర్చుకునేవాళ్లు స్ట్రింగ్స్, నంబర్లు, తేదీల పాఠాలను మొదటి వారంలోనే చకచకా దాటేస్తారు. ‘ఇవి చిన్నపిల్లల లెక్కలే’ అనుకుంటారు. కానీ పెద్ద పెద్ద సంస్థలు దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే. కోడ్ రాసే పని ఏఐ అందుకుంటున్న ఈ రోజుల్లో ఫ్రెషర్లు నిలబడాల్సింది కూడా అక్కడే.*

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా ఐఫోన్లను హడలెత్తించింది ఏమిటో తెలుసా? మన తెలుగు అక్షరం! ‘జ్ఞానం’ అనే మాటలో మొదట వచ్చే ‘జ్ఞా’. కంటికి కనిపించని మరో గుర్తుతో కలిసి అది మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ మూతపడిపోయేది. ఆ తప్పును దిద్దడానికి యాపిల్ ప్రత్యేకంగా అప్‌డేట్ విడుదల చేయాల్సి వచ్చింది.

కారణం వెతికితే స్ట్రింగ్స్ దగ్గరే తేలుతుంది. మనకు ‘జ్ఞా’ ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం జ, పొల్లు, ఞ, దీర్ఘం.. మొత్తం నాలుగు. పైథాన్‌లో లెన్ ఫంక్షన్‌కు ఇచ్చి చూడండి, 4 అనే చెబుతుంది. ‘పేరు 20 అక్షరాలు మించకూడదు’ అని ఓ దరఖాస్తులో నిబంధన పెడితే, తెలుగులో పేరు రాసేవాళ్లకు నిజంగా దక్కేది ఎన్ని? ఈ ప్రశ్న ముందుగా అడగగలిగినవాళ్లే మంచి ప్రోగ్రామర్లు.

అంకెలన్నీ నంబర్లు కావు

కొన్ని బ్యాంకు ఖాతా నంబర్లు సున్నాలతో మొదలవుతాయి. దాన్ని నంబరుగా చదివిస్తే ముందున్న సున్నాలు మాయం! ఎక్సెల్ అయితే 15 అంకెల దాకానే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల కార్డు నంబరును నంబరుగా టైప్ చేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది. కూడికలు, తీసివేతలు చేయాల్సిన అవసరం లేనిది ఏదైనా స్ట్రింగ్‌గానే ఉంచాలి. హాల్‌టికెట్, ఫోన్, ఖాతా నంబర్లు ఇందులోకే వస్తాయి.

శాస్త్రవేత్తలకూ ఈ తిప్పలు తప్పలేదు. ‘సెప్ట్1’ అనే జన్యువు పేరును ఎక్సెల్ సెప్టెంబరు 1 అనుకుని తేదీగా మార్చేసేది. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదింట ఒక వంతు ఇలాంటి తప్పులతో ఉన్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి సాఫ్ట్‌వేర్ కోసం జన్యువుల పేర్లే మార్చారు. అది ‘సెప్టిన్1’ అయింది.

34.5 వస్తే పాసా? ఫెయిలా?

పాస్ మార్కు 35 అనుకుందాం. 34.5 వస్తే 35గా పరిగణించాలన్నది కాలేజీ నిబంధన. మీరు పైథాన్‌లో రౌండ్ ఫంక్షన్ వాడారు. జవాబు 34! అదే 35.5 ఇస్తే 36 వస్తుంది. సరిగ్గా సగం దగ్గర పైథాన్ ప్రతిసారీ పైకే వెళ్లదు, దగ్గర్లోని సరి సంఖ్యకు వెళుతుంది. భాష తన నియమం ప్రకారమే పనిచేసింది. దాన్ని సరిచూసుకోనిది మనం. నష్టపోయేది మాత్రం ఆ విద్యార్థి.

ఇలాంటి చిల్లర తేడాలు పేరుకుంటే ఏమవుతుందో కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌ని చూస్తే తెలుస్తుంది. 1982లో 1000 పాయింట్లతో మొదలైన సూచీ 1983 నవంబరు నాటికి 520 దరిదాపులకు జారింది. మార్కెట్ పడిపోయిందా అంటే, లేదు. ప్రతి లావాదేవీ తర్వాత మూడో దశాంశం దాటిన అంకెలను సాఫ్ట్‌వేర్ కత్తిరించేసేది. రోజుకు వేల సార్లు! లెక్క సరిచేశాక సూచీ దాదాపు 1098 అని తేలింది.

తేదీ.. అసలు చిక్కు ఇక్కడే

2024 ఫిబ్రవరి 29న న్యూజిలాండ్‌లో చాలా పెట్రోలు బంకుల్లో సెల్ఫ్ సర్వీస్ పంపులు గంటల తరబడి మొరాయించాయి. చెల్లింపుల సాఫ్ట్‌వేర్‌కు లీపు రోజు తెలియకపోవడమే కారణం. పైథాన్‌లో అదే తేదీకి సంవత్సరాన్ని 2025గా మార్చి చూడండి, ఎర్రర్ వస్తుంది. ఎందుకంటే 2025లో ఆ రోజే లేదు. మరి ఫిబ్రవరి 29న తీసుకున్న ఏడాది పాలసీ ఎప్పుడు ముగియాలి? 28నా, మార్చి 1నా? ఇది కోడింగ్ ప్రశ్న కాదు, నిబంధనల ప్రశ్న.

గడువుల సంగతీ అంతే. చాలా సర్వర్లు అంతర్జాతీయ ప్రామాణిక కాలం యూటీసీలో నడుస్తాయి. మనం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటాం. 16వ తేదీ రాత్రి పన్నెండున్నరకు మీరు పంపిన దరఖాస్తు అక్కడ 15వ తేదీ కిందే నమోదవుతుంది. 15తో గడువు ముగిస్తే మిమ్మల్ని లెక్కలోకి తీసుకోవాలా, వద్దా? ముందే తేల్చుకోకపోతే గొడవే.

మన ఐటీకి ఈ పాఠం కొత్తదేం కాదు. సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న పాత ప్రోగ్రాములు 2000లో తడబడతాయన్న భయమే వైటూకే. దాన్ని సరిదిద్దే పని దొరికి ఎంతోమంది తెలుగు ఇంజినీర్లు అమెరికా బాట పట్టారు. అంటే ఒక తేదీ తప్పు మనవాళ్లకు దారి చూపిందన్నమాట!

మరి ఏఐ ఉందిగా?

ఉంది. అడిగిన క్షణంలో కోడ్ ఇస్తుంది. కానీ కాలేజీ నిబంధన, గడువు ఎవరి గడియారం ప్రకారమో, ఖాతా నంబరులో ముందు సున్నాలు ఉంటాయన్న సంగతి మీరు చెప్పకపోతే దానికి తెలియదు. తెలియని చోట ఏదో ఒకటి ఊహించి రాసేస్తుంది. పైకి అంతా సవ్యంగా కనిపిస్తుంది, పరీక్షలో నడుస్తుంది కూడా. తప్పు బయటపడేది ఫిబ్రవరి 29నో, 34.5 మార్కుల దగ్గరో. కోడ్ టైప్ చేసే నైపుణ్యానికి విలువ తగ్గుతున్న కొద్దీ, ఈ ఊహలను పట్టుకునే కన్నుకు విలువ పెరుగుతుంది.

ఇలా సాధన చేయండి

- ఫైలు తెరవగానే ఒక్కో కాలమ్‌కు ‘ఇది పేరా, పరిమాణమా, కాలమా?’ అని రాసుకోండి. రకం ఆ తర్వాతే నిర్ణయించండి.
- డబ్బును పైసల్లో పూర్ణాంకాలుగా గానీ, డెసిమల్‌తో గానీ లెక్కించండి. మామూలు దశాంశాలతో 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు.
- తేదీని సంవత్సరం-నెల-రోజు వరసలో భద్రపరచండి. 09-10-2025ని అమెరికాలో సెప్టెంబరు 10గా చదువుతారు.
- ఖాళీ పేరు, తెలుగు పేరు, సున్నా, సరిగ్గా సగం, ఫిబ్రవరి 29, అర్ధరాత్రి.. ఏ ప్రోగ్రామ్‌నైనా ఈ ఆరింటితో పరీక్షించండి.
- ఏఐ ఇచ్చిన కోడ్‌ను ‘ఇందులో నువ్వు ఊహించుకున్నవేమిటి?’ అని దాన్నే అడగండి. జవాబును మాత్రం మీరే సరిచూడండి.

ప్రాజెక్టు గురించి ఇంటర్వ్యూలో అడిగినప్పుడు వాడిన లైబ్రరీల చిట్టా అందరూ చెబుతారు. మీ ప్రోగ్రామ్ ఎక్కడ తప్పింది, ఎలా పట్టుకున్నారు అన్నది చెప్పి చూడండి. తేడా మీకే తెలుస్తుంది.

తర్వాతి లీపు రోజు 2028 ఫిబ్రవరి 29. ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నవారిలో చాలామంది అప్పటికి ఉద్యోగాల్లో ఉంటారు. ఆ ఉదయం ఎక్కడో ఒక పంపు ఆగకుండా ఉండాలంటే, ఈ రోజు మీరు ‘చిన్నపిల్లల లెక్క’ను రెండోసారి చదవాలి.