మొదటి ఆపరేషన్ కాగితం ఎక్కడుంది?

తొలికాన్పు సిజేరియన్ అయినామె రెండోసారి నొప్పులు పడి కనవచ్చా అన్నది పొట్ట మీది కుట్టు చూస్తే తేలదు. లోపల గర్భసంచిని ఎలా కోశారన్నదే లెక్క. కింది భాగంలో అడ్డంగా కోసి ఉంటే, నొప్పుల్లో ఆ మచ్చ విచ్చుకునే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి. పై భాగంలో నిలువుగా కోసి ఉంటే ముప్పు చాలా ఎక్కువ, మళ్లీ ఆపరేషనే మేలు. ఈ సంగతి తెలిపేది డిశ్చార్జి కాగితం. తొలికాన్పు పుట్టింటి బాధ్యత అయిన చిత్తూరు సీమలో ఆ కాగితం తరచూ మదనపల్లె బీరువాలో ఉంటుంది, గర్భిణి తిరుపతిలో ఉంటుంది.

ఒకసారి కోస్తే ఎప్పుడూ కోతే అన్న మాట 1916లో న్యూయార్క్ వైద్యుడు ఎడ్విన్ క్రేగిన్ రాసింది. మొదటి ఆపరేషన్ తేలిగ్గా చేయవద్దన్నది ఆయన హెచ్చరిక. లోకం దాన్ని రెండో ఆపరేషన్‌కు అనుమతిగా చదువుకుంది.

తగినవారు ప్రయత్నిస్తే నూటికి 70 మందికి పైగా మామూలుగానే కంటారు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని మొదటిసారి కోసినవారికి అవకాశం ఎక్కువ. నొప్పులు సాగక కోసినవారికి కొంత తక్కువ. కాన్పుల మధ్య ఏడాదిన్నరైనా లేకపోతే మచ్చకు ముప్పు పెరుగుతుంది.

మచ్చ విచ్చుకుంటే బిడ్డకు నిమిషాలే గడువు. అర్ధరాత్రైనా థియేటరు, మత్తు డాక్టరు, రక్తం సిద్ధంగా ఉన్నచోటే ఈ ప్రయత్నం చేయాలి. కుప్పం పక్క పల్లెలవారు నొప్పులు మొదలయ్యాక 108కి ఫోన్ చేసి తిరుపతి ప్రసూతి ఆస్పత్రికో, వేలూరుకో బయల్దేరడం కుదరదు. నెలలు నిండేసరికే దగ్గర్లో మకాం పెట్టాలి. ఆస్పత్రి ఎంపికలోనూ సగం నిర్ణయం దాగి ఉంది: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆస్పత్రుల కాన్పుల్లో 63 శాతం, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 26.6 శాతం సిజేరియన్లు.

ఇద్దరితో చాలనుకునేవారు, పనిలో పనిగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయిపోతుందని కోతకే మొగ్గుతారు. ఈ వాదంలో కొంత నిజముంది. మాయ పాత మచ్చలో పాతుకుపోయే పెద్ద ప్రమాదం మూడు, నాలుగు కోతలకే బాగా పెరుగుతుంది కాబట్టి రెండుతో ఆగేవారికి అది తక్కువ. అయితే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ మామూలు కాన్పు తర్వాత కూడా చిన్న కోతతో అయిపోతుంది. దానికోసమే గర్భసంచి కోయించుకోనక్కర్లేదు.

ముహూర్తం సంగతి వేరు. మంచి గడియ 37వ వారంలో ఉందని కోయిస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బంది రావచ్చు. వేరే కారణం లేకపోతే 39 వారాలు నిండాలి. ఆ తేదీకి ముందే నొప్పులొస్తే ఏం చేయాలో ఎనిమిదో నెలలోనే డాక్టరుతో మాట్లాడి పరీక్షల కార్డు మీద రాయించుకోవాలి.