ఎవరి రాగం దేవునికిష్టం?

ఇంగ్లాండు చర్చీల్లో గాయకబృందం పాడే సాయంకాల ఆరాధన ‘ఈవెన్‌సాంగ్’ను బీబీసీ రేడియో 1926లో తొలిసారి ప్రసారం చేసింది. శ్రోతల అభిరుచులు మాత్రం నేటికీ ఒక్కటి కాలేదు. 16వ శతాబ్దపు విలియం బర్డ్ స్వరాల్లోనే భక్తి ఉందని కొందరంటారు. స్టాన్‌ఫర్డ్, హొవెల్స్ బాణీలే కొందరికి ప్రాణం. కొత్తవి కావాలంటారు ఇంకొందరు. మన సంఘాల్లోనూ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలా, కీబోర్డు పాటలా అన్న తగవు ఉన్నదే!

అయితే ఈవెన్‌సాంగ్‌కు ఆయువుపట్టు రెండు పాటలు. ఒకటి బిడ్డను మోస్తున్న మరియది, మరొకటి మరణానికి సిద్ధపడిన సుమెయోనుది (లూకా 1, 2 అధ్యాయాలు). జీవితపు ఉదయమూ సాయంత్రమూ ఒకే ఆరాధనలో ఒదిగాయి. మనకు నచ్చని పాటలోనే పక్కవాని కన్నీటి ప్రార్థన ఉండవచ్చు. మన చెవికింపైనదే దేవునికి ఇష్టమనుకుంటే, మనం ఆరాధిస్తున్నది ఎవరిని?