చీటీ లేకుండా వచ్చేవారితో మాట్లాడటం నేర్పించండి

భారత ఫార్మసీ మండలి అధ్యక్షులకు, సభ్యులకు,

నేను శ్రీకాకుళం జిల్లా పలాసలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టును. డి.ఫార్మసీ పూర్తి చేసి, రిజిస్ట్రేషన్ చేయించుకుని పద్నాలుగేళ్లయింది. పొద్దుటి నుంచి రాత్రి దాకా కౌంటరు దగ్గర నేను వినే మాటలు ఇలా ఉంటాయి: "అమ్మా, తలనొప్పికి ఏదైనా బిళ్ల ఇయ్యి." "పిల్లోడికి జలుబు చేసింది, సిరప్పు ఇయ్యమ్మా." "నిన్న ఇచ్చినవే ఇంకో నాలుగు." డాక్టరు చీటీతో వచ్చేవారి కంటే ఇలా నోటిమాటతో వచ్చేవారే ఎక్కువ. వారి కోసమే ఈ ఉత్తరం.

నేను చదివింది 1991 నాటి నిబంధనల కింద. రెండేళ్ల చదువు అయ్యాక 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ పొందాలి. అందులో కనీసం 250 గంటలు చీటీల ప్రకారం మందులు ఇవ్వడానికే వెచ్చించాలి. చీటీ లేకుండా వచ్చే మనిషికి ఎన్ని గంటలో ఆ నిబంధనల్లో లేదు. నా 500 గంటలు ఒక ఆసుపత్రి మందుల గదిలో గడిచాయి. పెట్టెలు విప్పాను, గడువు తేదీలు చూసి అరల్లో సర్దాను, స్టాకు రిజిస్టరు రాశాను. ఒక్క రోగితోనైనా మాట్లాడి చూడమని నాకెవరూ చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది ఒక తాతగారు జలుబు బిళ్లలు అడిగారు. ఇచ్చాను, రోజుకు మూడు వేసుకోమన్నాను. మూడో రోజు మళ్లీ వచ్చారు. జేబులోంచి రెండు అట్టలు తీశారు. ఒకటి నేనిచ్చింది. రెండోది పారాసిటమాల్ 650, జ్వరానికి రోజుకు నాలుగు చొప్పున ఇంట్లో అప్పటికే వేసుకుంటున్నారట. జలుబు బిళ్లలోనూ 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంది. అక్కడే లెక్క వేశాను. 2,600, దానికి 1,500 కలిపితే 4,100. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికే రోజుకు 4,000 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆయన బక్కపలచని మనిషి, వయసు డెబ్భై పైమాటే. అదృష్టవశాత్తూ కాలేయానికి ఏమీ కాలేదు. 4,000 హద్దు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే నేను. "ఇంకేమైనా వేసుకుంటున్నారా తాతా?" అని అడగడం మాత్రం నాకు రాలేదు. ఆ రోజు నుంచి అడగకుండా ఒక్క బిళ్ల కూడా ఇవ్వలేదు.

బ్రిటన్‌లో మందుల షాపు కౌంటరు దగ్గర నిలబడే సహాయకులకు కూడా ఐదు ప్రశ్నలు నేర్పుతారు. మన మాటల్లో చెప్పుకుంటే: ఎవరికి? ఏమైంది? ఎన్నాళ్లయింది? ఇప్పటిదాకా ఏం చేశారు? ఇంకే మందులు వాడుతున్నారు? నా అనుభవంలో వీటిలో మొదటిదే ప్రాణం. మన ఊళ్లలో మందు కొనేవారు ఒకరు, వేసుకునేవారు ఇంకొకరు. పదేళ్ల పిల్లాడు ఖాళీ అట్ట పట్టుకుని వస్తాడు. నానమ్మకని చెబితే బీపీ, షుగరు సంగతి అడగాలి. అమ్మకైతే కడుపుతో ఉందా, పాలిస్తోందా అని తెలుసుకోవాలి. అది పిల్లాడిని అడిగే మాట కాదు కనుక ఇంటికి ఫోన్ చేయాలి. చెల్లికైతే వయసెంతో, బరువెంతో తెలియాలి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించాలని 2023 డిసెంబరులో ఆదేశాలు వచ్చాయి. ఆ చిన్న అక్షరాలు చదవలేని తల్లికి నేను చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

మా ప్రాంతం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు తెలుసు. దాని అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. కానీ దెబ్బతిన్న కిడ్నీకి నొప్పి బిళ్లలు మరింత చేటు చేస్తాయన్నది మాత్రం అందరూ ఒప్పుకున్న విషయం. జీడి ఫ్యాక్టరీలో పొద్దంతా కూర్చుని పనిచేసిన ఆడవాళ్లు నడుం పట్టేసి సాయంత్రం నా దగ్గరికే వస్తారు. వాళ్లకు కావలసింది రేపు మళ్లీ పనికి వెళ్లగలగడం. "ఇవ్వను" అని పంపేస్తే పక్క షాపులో కొనుక్కుంటారు. అందుకే "క్రియాటినిన్ ఎప్పుడు చూపించుకున్నావమ్మా?" అని అడిగి, ఏ మందు వేసుకోవచ్చో, ఏది వేసుకోకూడదో చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్లేలా ఒప్పించాలి. డెంగీ రోజుల్లో ఒళ్లు నొప్పులకు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దని, రక్తస్రావం ముప్పు ఉందని చెప్పి ఒప్పించడమూ ఇలాంటిదే. ఇది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు. పక్కన నిలబడి ఒకరు నేర్పాలి, తప్పులు దిద్దాలి.

ఓఆర్‌ఎస్ పొట్లం తీసుకెళ్లి గ్లాసుకు కొంచెం చొప్పున కలిపే తల్లులను ఎందరినో చూశాను. లీటరు నీళ్లకు ఒక పొట్లమని నోటితో చెబితే తలూపుతారు, ఇంటికెళ్లి మళ్లీ అలాగే చేస్తారు. ఇప్పుడు కౌంటరు మీద ఒక ఖాళీ లీటరు సీసా పెట్టుకున్నాను. పొట్లం మొత్తం ఇందులో పోసే నీళ్లకే అని చూపిస్తాను. ఇది నాకు తట్టడానికి ఆరేళ్లు పట్టింది. నేర్పేవారుంటే మొదటి నెలలోనే వచ్చేది.

మీరు ఏమీ చేయలేదని నేను అనను. 2015 ప్రాక్టీసు నిబంధనల్లో రోగితో ఫార్మసిస్టే స్వయంగా మాట్లాడాలన్నారు. కానీ ఆ మాట చీటీ చేతికి అందాకే మొదలవుతుంది. 2020 సిలబస్‌లో కమ్యూనిటీ ఫార్మసీని చేర్చి మంచి పని చేశారు. 2022లో తెచ్చిన ఎగ్జిట్ పరీక్ష మాత్రం ఇంగ్లిషులో, సరైన జవాబు గుర్తించే మూడు పేపర్లు. నా కౌంటరు దగ్గర ఎవరూ ఇంగ్లిషులో అడగరు, నాలుగు జవాబులిచ్చి ఒకటి గుర్తించమనరు. మన చట్టంలో చీటీ లేకుండా అమ్మదగిన మందులకు ఓటీసీ అని ఒక వర్గమే లేదు. ఆ హద్దు కాగితం మీద లేనప్పుడు దాన్ని గుర్తుపట్టాల్సింది కౌంటరు దగ్గరున్న మనిషే.

అందుకే అడుగుతున్నాను. పరీక్షలో ఒక మౌఖిక భాగం పెట్టండి. విద్యార్థి ముందు ఒక మనిషిని కూర్చోబెట్టి, ఆ రాష్ట్ర భాషలోనే ఐదు నిమిషాలు మాట్లాడించండి. నాలాగా పాత నిబంధనల కింద చదివినవారికి రెఫ్రెషర్ కోర్సుల్లో ఉపన్యాసాలు తగ్గించి ఇదే అభ్యాసం చేయించండి. ముందుగా, వచ్చే ఏడాది చేరే పిల్లల 500 గంటల శిక్షణలో కనీసం 100 గంటలు, అనుభవమున్న ఫార్మసిస్టు పక్కన నిలబడి, చీటీ లేకుండా వచ్చేవారితో మాట్లాడటానికి కేటాయించండి.

ఇట్లు,
ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు,
పలాస