స్కాలర్‌షిప్ లేఖ చూసి డబ్బు కట్టకండి

ఎంసెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు, హైదరాబాద్ శివారు మచ్చ బొల్లారంలో ఇంటర్ పిల్లలున్న ఇళ్లకు ఫోన్ల మీద ఫోన్లు. పరీక్ష పేరు 2024 నుంచి ఈఏపీసెట్ అయింది గానీ ఫోన్ చేసేవాళ్ల మాట మారలేదు. ‘‘కంగ్రాట్స్ మేడం, మీ బాబుకి ఇరవై అయిదు శాతం స్కాలర్‌షిప్ శాంక్షన్ అయింది. రేపు సాయంత్రంలోగా బ్లాకింగ్ అమౌంట్ కడితే సీటు మీదే.’’ పిల్లాడి ర్యాంకు, తల్లి ఫోన్ నంబరు వాళ్ల చేతికి ఎలా చేరాయన్నది వేరే విచారణ. ముందు హెచ్చరిక వినండి. కన్వీనర్ కౌన్సెలింగ్‌లో సీటు ఎక్కడ వచ్చిందో తెలిసేదాకా ఆ డబ్బు కట్టకండి. ఒరిజినల్ మెమోలు అసలే ఇవ్వకండి.

ఈ ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం. సుచిత్ర దాటి కొంపల్లి, ధూలపల్లి, మైసమ్మగూడ, కండ్లకోయ మీదుగా మేడ్చల్ దాకా ఇంజినీరింగ్ కాలేజీల వరుసే. పసుపు బస్సు ఇంటి సందులోకే వస్తుంది, హాస్టల్ ఖర్చు ఉండదు. అందుకే ‘దగ్గర్లోదే చూద్దాం’ అనుకుంటారు తల్లిదండ్రులు. అయితే ఆ రోడ్డు మీదున్న బోర్డులన్నీ ఒక్కటి కావు. కొన్ని జేఎన్‌టీయూకు అనుబంధంగా ఉన్నవి; వాటి ఫీజును రాష్ట్ర ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ సిఫారసు మీద ప్రభుత్వం ఖరారు చేస్తుంది. కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు. 2018 చట్టం కింద 2020లో రాష్ట్రంలో మొదటి అయిదింటికి అనుమతి వచ్చింది, తర్వాత ఇంకొన్ని చేరాయి. వాటి ఫీజు వాటి ఇష్టం. అక్కడ చేరినవాళ్లకు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు. ఒకే యాజమాన్యం రెండు రకాలూ నడిపే చోట, ఫోన్‌లో మాట్లాడేవాళ్లు ఈ తేడా చెప్పరు. ‘‘మాది కాలేజీనా, యూనివర్సిటీనా’’ అని మీరే అడగాలి. జవాబు కాగితం మీద తీసుకోవాలి.

ఇక ఆ ‘స్కాలర్‌షిప్’ లేఖ సంగతి. అంకెలు ఉదాహరణకే తీసుకుందాం. రంగుల కాగితం, పైన పిల్లవాడి పేరు పెద్ద అక్షరాల్లో. ట్యూషన్ ఫీజు 3 లక్షలు, మెరిట్ స్కాలర్‌షిప్ 25 శాతం, కట్టవలసింది 2 లక్షల 25 వేలు. దాని పక్కన చిన్న చుక్క గుర్తు. పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఆ గుర్తుకు అర్థం ఉంటుంది: మొదటి సంవత్సరానికి మాత్రమే. లేదా, ప్రతి సెమిస్టర్‌లో ఫలానా సీజీపీఏ తగ్గకుండా ఉంటేనే, ఒక్క సబ్జెక్టు తప్పినా రద్దు. మొదటి ఏడాదికే అయితే నాలుగేళ్ల మొత్తం 12 లక్షల్లో తగ్గింది 75 వేలు. అంటే ఆ పాతిక శాతం నిజానికి ఆరుంపావు శాతం. తల్లిదండ్రులు కట్టేది 11 లక్షల 25 వేలు. బస్సు, పరీక్ష ఫీజు, ‘స్కిల్ డెవలప్‌మెంట్’, ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ ఆ లేఖలో ఉండవు.

అదే పిల్లవాడికి లక్ష రూపాయల ఫీజున్న అనుబంధ కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చిందనుకోండి. బీసీ, ర్యాంకు పదివేలు దాటింది, కుటుంబానికి అర్హత ఉంది. ప్రభుత్వం ఏడాదికి 35 వేలు ఇస్తుంది, ఇంటి నుంచి 65 వేలు. నాలుగేళ్లకు 2 లక్షల 60 వేలు. సర్కారు ఒక్క పైసా ఇవ్వకపోయినా 4 లక్షలు. ఈ కాలేజీ ఖర్చుకూ ఆ 11 లక్షల 25 వేలకూ మధ్య తేడా ఏ లేఖలోనూ అచ్చు వేయరు. ఇంట్లో కూర్చుని మనం వేసుకోవలసిందే. బ్రాంచి, బోధన, ప్లేస్‌మెంట్ చూడొద్దని కాదు. ఏడు లక్షలు ఎక్కువ పెట్టేటప్పుడు ఎందుకు పెడుతున్నామో తెలిసి పెట్టాలంటున్నాం.

రీయింబర్స్‌మెంట్ అర్హతల్లోనూ జనం ఏటా అవే చోట్ల జారిపడుతున్నారు. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు వార్షికాదాయ పరిమితి 2 లక్షలు; వీరికి ర్యాంకుతో పని లేకుండా పూర్తి ఫీజు. బీసీ, ఈబీసీలకు పట్టణాల్లో 2 లక్షలు, పల్లెల్లో లక్షన్నర. పదివేల లోపు ర్యాంకుకు పూర్తి ఫీజు, దాటితే 35 వేలు. అంటే ఏడాదికి లక్షా ఎనభై వేలు సంపాదించే బీసీ కుటుంబం మచ్చ బొల్లారంలో ఉంటే అర్హులు; అదే కుటుంబం షామీర్‌పేట అవతల ఏదో పల్లెలో ఉంటే కారు! ఈమధ్య చాలా పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలిశాయి కాబట్టి, ఆదాయ ధ్రువపత్రం మీద మీ ఊరు ఎలా నమోదైందో మీసేవలోనే సరిచూసుకోండి. ఇంకో పెద్ద గందరగోళం ఈడబ్ల్యూఎస్. ఎనిమిది లక్షల పరిమితితో వచ్చే ఆ పత్రం సీటుకు రిజర్వేషన్ ఇస్తుంది, ఫీజు ఇవ్వదు. ‘ఈడబ్ల్యూఎస్ ఉందిగా, ఫీజు గవర్నమెంటే కడుతుంది’ అని కౌంటర్ దగ్గర ఎవరైనా అంటే నమ్మకండి.

సీటు ఏ దారిన వచ్చిందన్నది మరో గండం. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రీయింబర్స్‌మెంట్ లేదు. చివర్లో జరిగే స్పాట్ అడ్మిషన్లో చేరినా లేదు. బ్రాంచి మార్పు కన్వీనర్ నిర్వహించే ఇంటర్నల్ స్లైడింగ్‌లో జరిగితే ఇబ్బంది లేదు. కాలేజీ తనంతట తాను ‘సీఎస్‌ఈకి మారుస్తాం, సంతకం పెట్టండి’ అంటే పెట్టకండి. ఇక మేనేజ్‌మెంట్ సీటుకు ‘డొనేషన్’ అంటారా, అది నేరం. ఎన్నారై సీట్లను మినహాయిస్తే అనుబంధ కాలేజీల్లో ఆ కోటాకూ ఖరారైన ఫీజే వర్తిస్తుంది. డొనేషన్‌ను, అంటే క్యాపిటేషన్ ఫీజును, నిషేధించిన చట్టం వచ్చింది 1983లో. రసీదు లేకుండా లక్షలు తీసుకుని, అందులో యాభై వేలు తగ్గించి ‘స్కాలర్‌షిప్’ అనడానికి గుండెధైర్యం కావాలి. ఆ ధైర్యం మన దగ్గర బాగానే ఉంది.

సర్కారును మాత్రం వదిలేస్తే ఎలా? 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఊపందుకున్న ఈ ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం చాలా ఇళ్లలో మొదటి ఇంజినీరును తయారుచేసింది. కానీ బకాయిలు పేరుకుపోయి, 2025 నవంబర్ 3 నుంచి ప్రైవేటు కాలేజీలు తలుపులు మూసి నిరసనకు దిగేదాకా వచ్చింది. ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్కతో చర్చల తర్వాతే మళ్లీ తెరిచారు. ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్య నలిగేది విద్యార్థి. కోర్సు పూర్తయ్యాక ‘ప్రభుత్వం ఇవ్వలేదు, మీరు కట్టి టీసీ తీసుకెళ్లండి’ అనే మాట ఎన్ని ఇళ్లు వినలేదు! చేరేటప్పుడే స్టాంపు కాగితం మీద ‘సర్కారు చెల్లించకపోతే నేనే చెల్లిస్తాను’ అని రాయించుకునే చోట్లూ ఉన్నాయి. అలాంటిది చదవకుండా సంతకం చేస్తే, ఆ 35 వేలు సాయం కాదు, మీ పేరు మీద అప్పు.

ఈ లేఖల మాయ మన దగ్గరే పుట్టలేదు. అమెరికాలో కాలేజీలు పంపే ఆర్థిక సాయం లేఖలను అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ పరిశీలించి 2022 డిసెంబర్లో నివేదిక ఇచ్చింది. విద్యార్థి తన జేబులోంచి నిజంగా ఎంత కట్టాలో 91 శాతం కాలేజీలు సరిగ్గా చెప్పలేదని తేలింది: కొన్ని అసలు చెప్పలేదు, కొన్ని తగ్గించి చెప్పాయి. అప్పును, ఉచిత సాయాన్ని ఒకే వరుసలో కలిపి రాయడమూ అక్కడ మామూలే. అయితే అక్కడ తండ్రి ఉద్యోగం పోతేనో, ఇంట్లో పెద్ద జబ్బు వస్తేనో కాలేజీకి అప్పీల్ చేసుకుని సాయం పెంచమని అడిగే పద్ధతి ఉంది. మన తల్లిదండ్రులు అడగడానికే మొహమాటపడతారు.

మొహమాటం వద్దు, అడగండి. ప్రైవేటు వర్సిటీ ఫీజు తగ్గింపు వాళ్ల చేతిలో పనే. పిల్లవాడి ర్యాంకు కార్డు, ఇంటర్ మార్కులు, మరోచోట వచ్చిన ఆఫర్ నకలు జతచేసి, అడ్మిషన్స్ డైరెక్టర్ పేరున ఒక పేజీ ఉత్తరం రాయండి. ఎంత తగ్గించాలో అంకె వేయండి. నాలుగేళ్లకూ వర్తిస్తుందా, ఫీజు ఏటా పెంచుతారా, మార్కులు తగ్గితే ఏమవుతుంది, ఈ మూడింటికీ జవాబు ఈమెయిల్‌లో రావాలి. ఫోన్‌లో ‘అదేం ప్రాబ్లం కాదండీ’ అన్న మాటకు రేపు విలువ ఉండదు. అనుబంధ కాలేజీ అయితే, ఖరారైన ఫీజును మించి వసూలు చేస్తే రసీదులతో ఫీజుల నియంత్రణ కమిటీకి ఫిర్యాదు చేయండి. రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసే ఈపాస్ వెబ్‌సైట్‌లో మీ దరఖాస్తు తిరస్కరిస్తే కారణం చూడండి. పదో తరగతి మెమోలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండటం వంటి చిన్న తప్పులే ఎక్కువ, సరిచేసుకోవచ్చు. జిల్లా సంక్షేమ శాఖ అధికారి పలకకపోతే, షామీర్‌పేట మండలం అంతాయిపల్లిలోని కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంది. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

లేఖల్లో కనిపించని సాయమూ కొంత ఉంది. ఏఐసీటీఈ ప్రగతి పథకం టెక్నికల్ కోర్సులో చేరిన ఆడపిల్లలకు ఏడాదికి 50 వేలు ఇస్తుంది, ఆదాయ పరిమితి 8 లక్షలు. రీయింబర్స్‌మెంట్‌కు అందని ఇళ్లకు ఇది పెద్ద ఊరట. కానీ అడిగేవాళ్లు తక్కువ. బొల్లారం చుట్టుపక్కల మాజీ సైనికుల కుటుంబాలు చాలా ఉన్నాయి. కేంద్రీయ సైనిక్ బోర్డు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కింద అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000 వస్తాయి. ఇంకో సాయంతో కలిపి తీసుకోవచ్చో లేదో ముందే కనుక్కోండి. ఐఐటీ, ఎన్‌ఐటీల్లో సీటొచ్చి ఫీజుకు భయపడేవాళ్లు గుర్తుంచుకోవలసింది: కుటుంబ ఆదాయం లక్ష లోపుంటే ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ.

అప్పు చేయక తప్పకపోతే బ్యాంకుకు వెళ్లండి. కాలేజీ హాల్లో టేబుల్ వేసుకుని ‘నెలకింత, వడ్డీ లేదు’ అనే ఫైనాన్స్ ఏజెంటు దగ్గరికి కాదు. 2024 నవంబర్లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మిలో తాకట్టు లేకుండా రుణం ఇస్తారు. 8 లక్షల లోపు ఆదాయమైతే 10 లక్షల వరకూ రుణంపై చదువు కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ. ఎంపిక చేసిన విద్యాసంస్థలకే అది వర్తిస్తుంది. మీ పిల్లవాడి కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే చూడండి.

ఇప్పటికే కట్టినవాళ్లూ చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఏఐసీటీఈ నిబంధన ప్రకారం తరగతులు మొదలవకముందే మానుకుంటే, వెయ్యి రూపాయలకు మించకుండా మినహాయించుకుని మిగతాది తిరిగి ఇవ్వాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజులు లేదా అంతకుముందే మానేస్తే ప్రాసెసింగ్ ఖర్చు పోను మొత్తం రావాలి. ఆ తర్వాత 90, 80, 50 శాతానికి దిగిపోతుంది. చివరి తేదీ దాటి నెల గడిస్తే ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవడాన్ని రెండు సంస్థలూ నిషేధించాయి. పరిశీలించి వెంటనే తిరిగివ్వాలి, నకళ్లు మాత్రమే ఉంచుకోవాలి.

కాబట్టి సీటు వద్దనుకున్నవాళ్లు వచ్చే వారం చూద్దామనుకోకండి. తేదీ వేసి, రసీదు నంబరు రాసి, వాపసు కోరుతూ ఈ రోజే ఈమెయిల్ పంపండి. దాని నకలు చేతిలో పట్టుకుని రేపు పొద్దున కాలేజీ ఆఫీసుకు వెళ్లండి.